మాట అందించే గూడు

అందరూ ఆయన ముఖం చూశారు.
నేను చూసినవి బూట్లు.
వేదిక అంచున, నేలలో దిగ్గొట్టిన గూట్లో
నలభై ఒక్క చలికాలాలు కూచున్నాను,
ఒళ్ళో నాటకప్రతి,
దీపానికి నీలికాగితం చుట్టి,
పాదాల దగ్గర వేడినీళ్ళ సీసా పెట్టుకుని.

కామా నది ఒడ్డున మా థియేటర్.
ఎవరో ఉప్పు వర్తకుడు
పెళ్ళాం ముచ్చటపడిందని కట్టించాడట.
ఆవిడ ఒక్క నాటకమూ చివరిదాకా చూళ్ళేదట,
రెండో అంకానికే కునుకట.
పసుపు గోడలు. కప్పు మీద బొద్దు దేవకన్యలు,
ఒకర్తెకు ముక్కు లేదు, చెమ్మ తినేసింది.
యుద్ధంలో ఇది ఆసుపత్రి.
నేను పనిలో చేరేనాటికి కూడా, వాన పట్టిందంటే
బాల్కనీ మూడో వరసలో
అయోడిన్ వాసన లేచి కూచునేది.

వెనెదిక్త్ సావిచ్ గ్లుఖరోవ్
మొదటిసారి వేదికెక్కిన రాత్రి
బూట్లు అరువువి, రెండు సైజులు పెద్దవి.
ముక్కుల్లో వార్తాపత్రిక కుక్కుకున్నాడు.
నడుస్తుంటే నా ఒక్కదానికే వినబడింది
కాగితం కరకర.
నౌకరు వేషం. ఉన్నదే ఒక్క మాట:
"గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి, దొరా."
ఆ ఒక్కటీ మింగేశాడు.
అందించాను. అందుకున్నాడు.
ఆ తర్వాత నలభై ఏళ్ళు
నా అవసరమే పడలేదు.

పడలేదంటే...
ఎలా చెప్పను,
కుండలో నీళ్ళున్నాయని తెలిసినవాడికి
దాహం తొందరపెట్టనట్టు.

ఎన్ని కాళ్ళు మారాడని!
సేనాపతి ముళ్ళబూట్లు, నా మొహాన దుమ్ము కొట్టినవి.
యాత్రికుడి నారచెప్పులు.
ఒక వేషానికి, ఖైదీ, ఉత్త పాదాలు;
మడమ నెర్రెలు విచ్చి ఉంది.
మర్నాడు బాతుకొవ్వు డబ్బా ఒకటి
పేరు రాయకుండా ఆయన గదికి పంపాను.
నెలకి డబ్బా తిరిగొచ్చింది,
కడిగి, తుడిచి, లోపల మూడు చక్కెర బిళ్ళలతో,
నా గూటి అంచు మీదికి.
ఆ సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

భార్య పోయిన రాత్రి
తాగుబోతు మిల్లు యజమాని వేషం, గంతులు.
హాలంతా విరగబడి నవ్వింది.
కుడి మడమ
అరతాళం ఆలస్యంగా పడుతోంది.

వీడ్కోలు సభ, జీతాలు ఆరునెలలు రాని ఏడు.
పొయ్యిలో బొగ్గు లేదు, జనం కోట్లు విప్పలేదు.
చేతితొడుగుల్లో చప్పట్లు
పిండి జల్లెడ పట్టినట్టు మెత్తగా.
పువ్వులు, పతకం, నగరసభ ఉపాధ్యక్షుడి ఉపన్యాసం,
కానుకగా ఒక సమోవార్.
ఇక మీరు రెండు మాటలు, అన్నారు.

ఎవరో రాసిన మాటలు
బస్తాలకొద్దీ మోసిన మనిషి.
సొంతవి రెండు కావాల్సొచ్చేసరికి
నోరు తెరిచి నిలబడిపోయాడు.
ఎవరో దగ్గారు. ఇంకెవరో దగ్గారు.
ఉన్నిబూట్లు మెల్లగా అంచుకొచ్చి
నా వైపు తిరిగాయి.

ఆ రాత్రికి ప్రతి లేదు.
నా ఒళ్ళో ఉన్నది సగం అల్లిన మేజోడు.

అయినా పెదవి కదిలింది.
మొదటి రాత్రి మాటే. నాకు వేరే ఏం తెలుసు?
ఆయన అందుకున్నాడు,
పంతొమ్మిదేళ్ళ గొంతుతో,
ముక్కులేని దేవకన్య దాకా వినబడేలా:
"గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి, దొరా."
వంగి దండం పెట్టి
తెర పక్కనుంచి వెళ్ళిపోయాడు.
ఉపాధ్యక్షుడు సమోవార్‌ని
చంటిపిల్లలా ఎత్తుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ ఎండాకాలమే నా గూడు పలకలేసి మూసేశారు.
ఇప్పుడు నేను టిక్కెట్టు కొనుక్కుని
ముందు వరసలో కూచుంటాను.
చూపు మాత్రం
ఇంకా ఎవరి మోకాళ్ళూ దాటి పైకి పోదు.

నిన్న రొట్టె కొని తెచ్చుకుంటుంటే
వెనక ఎవరో మంచులో నడిచొస్తున్నారు.
నేను తిరిగి చూళ్ళేదు.
కరకర.
కరకర.